రిమార్కుల గడి

పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి
టానా నది ఎంత ఎత్తుందో చూసి రాయడం నా ఉద్యోగం.
మా నాన్న కొమోరా చేసిందీ ఇదే.
ఆయన పోయాక సైకిలూ, రిజిస్టరూ,
నీళ్లలో నిలబెట్టిన ఆ తెల్లటి ఇనప కొలబద్దా
నాకు దఖలు పడ్డాయి.

రిజిస్టరులో నాలుగు గళ్లు:
తేదీ, వేళ, మట్టం, రిమార్కులు.
నాలుగో గడిలో నాన్న ఎప్పుడూ ఏమీ రాయలేదు.
ఒక్కచోట మాత్రం, నేను పుట్టిన రోజున,
"వాన" అని ఉంది.

ఈ నదికి పుట్టిల్లు చలికొండలు.
కెన్యా పర్వతం మీద మంచు కరిగిన చుక్కా
తేయాకు మీంచి జారిన చుక్కా
అక్కడెక్కడో కలుసుకుంటాయట.
నేను చూళ్లేదు.
నాకు తెలిసిందల్లా రంగు.
ఎర్రగా వస్తే పైన ఎవరి చేనో కోసుకుపోయిందని,
తేటగా వస్తే ఆనకట్టలో పడుకుని లేచిందని.

అయిదు ఆనకట్టలు, మెట్లమెట్లుగా.
ఒక్కో మెట్టు దగ్గరా నీటిని నిలబెట్టి
దాని బరువుని దీపాలుగా మార్చుకుని
నైరోబీ రాత్రుల్ని వెలిగించుకుంటారు.
మిగిలింది మాది.
ఏడాది పొడుగునా పారే ఒక్క ఉపనదీ తోడు రాకుండా
ముళ్లపొదల ఎండలో వందల మైళ్లు నడిచి
కిపిని దగ్గర సముద్రంలో పడేదాకా.

తాతల లెక్కలో ఏడాదికి రెండు వరదలు,
పెద్ద వానలకొకటి, చిన్న వానలకొకటి.
వరదంటే మాకు భయం కాదు, బాకీ.
పట్టుకుపోయినదాన్ని ఒండ్రుగా తెచ్చి తీర్చేది.
నీరు తీసే అంచు వెంట అడుగులో అడుగేసి
అమ్మ మడమతో గుంట చేసి వరిగింజ వేసేది.
ఇప్పుడు వరద ఎప్పుడొస్తుందో
ఆకాశాన్ని కాదు, ఫోనుని అడగాలి.
ఓ మండు ఫిబ్రవరిలో, మబ్బుతునక లేని రాత్రి,
గేట్లెత్తారు.
తెల్లారేసరికి హబ్వోయా అత్త మడి లేదు.
నాలుగు పాయింటు ఎనిమిది ఆరు అని రాశాను.
నాలుగో గడి ఖాళీగా వదిలాను.
నాన్న కొడుకునే కదా.

కింద, డెల్టాలో, చెల్లెలి మెట్టినింట
కొలబద్ద లేదు, నాలుక ఉంది.
పోటు వేళ బిందె ముంచి ఒక చుక్క వేసుకుంటుంది.
"అన్నా, ఇవాళ ఉప్పు మామిడితోట దాకా ఎక్కింది."
నది నీరసించిన చోట సముద్రం
అడక్కుండా గుమ్మంలోకి వచ్చే అప్పులవాడు.
ఆ కబురు రాసుకోడానికి ఏ ఆఫీసులోనూ గడి లేదు.

పోయిన ఏప్రిల్లో పదకొండు రోజులు వాన.
పన్నెండో పొద్దున బురదలో సైకిలు తోసుకుంటూ వెళ్తే
కొలబద్ద నిలువునా ఇసకలో ఉంది.
చుట్టూ మడుగుల్లో గాలి మింగుతున్న చేపలు.
కొమ్మల మీది ఎర్రకోతులు నన్ను చూసి నోళ్లు మూశాయి.
నది లేదు.

అవతలి ఒడ్డున, ఇంకా దాన్ని అవతలి ఒడ్డనే అనాలేమో,
ఓర్మా పశులకాపరి గుయో నిలబడి నవ్వుతున్నాడు.
కిందటేడు ఇదే రేవులో
పశువులు దిగే దారి కోసం
వాళ్లూ మేమూ కర్రలెత్తుకున్నాం.
"హిరిబాయే, నిన్ననే మా ముసలావు వాసన పట్టింది.
అటు, తాటిచెట్ల వెనక.
ఆరొందల అంగలు, నా అంగలైతే."

ఆఫీసుకి ఫోను చేశాను.
"సున్నా అని రాయి" అందొక గొంతు.
సున్నా ఎలా అవుతుంది,
ఇక్కడికి చప్పుడు వినిపిస్తుంటే?

మట్టం గడిలో అడ్డగీత గీశాను.
పక్క గడిలో, మా ఇంట రెండు తరాల్లో రెండోసారి,
రాశాను:
"నది క్షేమం. ఇంట్లో లేదు."

తర్వాత గుయో ఒక పక్కా నేనొక పక్కా పట్టి
కొలబద్దని ఇసకలోంచి పీకాం.
అది అనుకున్నదానికన్నా లోతుగా ఉంది.
ముసలావు ముందు నడిచింది.